సుహా అంటే సుహాగ్ కాదు

మీ పెళ్లిలో మీరు అరుంధతీ నక్షత్రాన్ని చూశారా? పురోహితుడు వేలు చూపించిన వైపు తలెత్తారా అని కాదు నేను అడిగేది. ఆ చుక్క మీ కంటికి ఆనిందా? నిజం చెప్పండి. ఇక్కడ ఫోటోగ్రాఫరు లేడు, మీ అత్తగారూ లేరు.

మొన్న నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో మా బంధువులమ్మాయి పెళ్లికి వెళ్లాను. ఎండాకాలం, పట్టపగలు ముహూర్తం. తలంబ్రాలు అయ్యాక పురోహితుడు వధూవరుల్ని వరండాలోకి తీసుకొచ్చాడు. పైన రేకుల కప్పు, వెనక ఏసీ మిషన్లు కక్కే వేడి, ఎదురుగా మెట్రో స్తంభం. "అదిగో, వసిష్ఠుడి పక్కనే అరుంధతి. చూసి దణ్ణం పెట్టుకోండి" అన్నాడాయన స్తంభం వైపు చెయ్యెత్తి. పెళ్లికొడుకు చదువుకున్నవాడు. "ఆగండి పంతులుగారూ, యాప్ ఉంది" అని ఫోన్ తీశాడు. పైకి పెడితే చుక్క దొరకలేదు. మెల్లగా దించుకుంటూ వచ్చాడు. చివరికి నడుం వంచి ఫోన్‌ని గచ్చు వైపు తిప్పాక తెర మీద చిన్న బిందువు, దాని పక్కన ఆల్కోర్ అనే పేరు వచ్చాయి. ఆ వేళప్పుడు అరుంధతి భూమికి అవతలి వైపు ఉంది.

"ఆల్కోర్ అంటే ఏంటి?" అని అడిగింది పెళ్లికూతురు, నవ్వు ఆపుకుంటూ. "చూశాను అనమ్మా, అవతల భోజనాలు ఆలస్యమవుతున్నాయి" అంది వాళ్లమ్మ. "చూశాను" అంది ఆ పిల్ల గచ్చు పలకల్ని చూస్తూ.

నాకు అన్నం సయించలేదు. ప్లేటు అక్కడే పెట్టేసి ఎండలో బయటపడ్డాను. స్టేషన్ దాకా నడిచాను, వెనక్కి తిరిగి అబిడ్స్ దాకా నడిచాను. ఈ వయసులో ఎండలో అలా తిరగకూడదని మా ఇంట్లో వాళ్లంటారు. కానీ నిలబడితే కాళ్లు ఊరుకోవడం లేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు నాకు కొంత తెలుసు. ఆ జవాబులో మా చిన్నత్త ఉంది.

యాభయ్యారులో రాజధాని మారినప్పుడు ఫైళ్లతో పాటు కోస్తా నుంచి ఈ ఊరు చేరిన కుటుంబం మాది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. కింద వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. ఉర్దూ బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన ఆమెని మేమంతా ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచేవాళ్లం. మా పక్క వాటాలో మెదక్ నుంచి వచ్చిన నర్సు ఉండేది. క్రైస్తవురాలు, సర్కారు దవాఖానలో పని. ఆమె అందరికీ సిస్టరమ్మ. మా ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నాన్న చెల్లెలు చిన్నత్త, చివర నేను.

ఆ సందు ఇప్పుడు లేదు. దాని వాసనలు మాత్రం నాకు వరసగా అప్పజెప్పడం వచ్చు. పొద్దున్నే రైలింజన్ల బొగ్గుపొగ. ఆ తర్వాత స్టేషన్ ముందు మరిగి మరిగి నల్లబడిన చాయ్. సాయంత్రం గాలి మళ్లితే దర్గా వైపు నుంచి గులాబీలు, ఊదు పొగ. "ఈ ఊళ్లో ఊపిరి పీల్చినా మడి పోతుంది" అనేది నాయనమ్మ. అంటూనే కొత్త గోంగూర పచ్చడి ఖాలాకి పంపేది. ఖాలా తిరిగి వాళ్ల పుల్లటి పప్పు, ఖట్టీ దాల్, పంపేది. నాయనమ్మ అది ముట్టేది కాదు గానీ, మూత తీసి వాసన చూసి "కరివేపాకు ఎక్కువేసింది, చెప్పినా వినదు" అని తీర్పు చెప్పేది.

ఎండాకాలం వస్తే మా కాపురం డాబా మీదే. పొద్దు వాలగానే బక్కెట్లతో నీళ్లు మోసి డాబా అంతా చల్లేవాళ్లం. కాలిన సున్నం మీద నీళ్లు పడ్డప్పుడు లేచే ఆవిరి వాసన కోసం నేను ఎగబడేదాన్ని. నాన్న మంచం వేసే చోట మాత్రం కావాలని రెండు బక్కెట్లు ఎక్కువ కుమ్మరించేదాన్ని. ఆయన చెప్పులు తడిసి జారితే, మాగాయకి ఎండబెట్టిన ముక్కలు రెండు గుప్పెట్లో దాచుకుని మెట్ల కింద చేరి నవ్వుకునేదాన్ని.

చిన్నత్త అబిడ్స్‌లో టైపు నేర్చుకునేది. చురుకైన మనిషి, నోరు ఇంకా చురుకు. ఒక్కటే లోపం. నాలుగు గజాల అవతల ఆమెకి లోకం నీళ్లలో పడ్డ బొమ్మ. కాయితం ముక్కుకి ఆనించి చదివేది. బస్సు బోర్డు చదవలేదు కాబట్టి నన్ను వెంటేసుకుని వెళ్లేది. ఒకసారి నేను కావాలని తప్పు బోర్డు చెప్పి ఆమెని పబ్లిక్ గార్డెన్స్‌లో దింపించాను. గడ్డి వాసన తగిలాక గాని ఆమెకి సంగతి తెలియలేదు. "నీ కళ్లు నాకుంటే నిన్ను మూసీ అవతల వదిలేసి వచ్చేదాన్నే" అని చెవి మెలిపెట్టింది. మళ్లీ ఐస్‌ఫ్రూట్ కూడా తనే కొనిచ్చింది.

ఆమెకి కళ్లజోడు ఎందుకు లేదు? ఎందుకంటే ఆమె పెళ్లి కావలసిన పిల్ల. "జోడు పెట్టుకున్న పిల్లని గుడ్డిదంటారు. మూడు ముళ్లూ పడనీ, తర్వాత చూద్దాం" అనేది నాయనమ్మ. ఆడపిల్లకి చూపు ఎప్పుడు రావాలో కూడా ముహూర్తమే.

సంబంధం కుదిరింది. పిల్లవాడు విజయవాడలో రైల్వే గుమాస్తా. మాటలనుకోవడానికి వచ్చిన రోజు అతని తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టి, "మా ఇంట్లో అరుంధతిని ఉత్తుత్తిగా చూపించరండీ. కోడలు కళ్లారా చూడాలి. నేను చూశాను, మా అత్తగారు చూశారు" అంది. ముహూర్తం కూడా ఆ చుక్క బాగా పైకొచ్చే సాయంత్రానికే పెట్టించింది.

ఆ మర్నాటి నుంచి నాయనమ్మ డాబా మీద శిక్షణ మొదలుపెట్టింది.

"ఉత్తరం వైపు చూడవే. గరిటెలాగా ఏడు చుక్కలు. గరిటె కాడ ఉందా? కాడలో మధ్య చుక్క వసిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని సన్నగా ఇంకోటి. అదే అరుంధతి. కనిపించిందా?"

"అమ్మా, నాకు ఆ పెద్ద చుక్కే తొక్కేసిన ముగ్గులా ఉంది."

"సరిగ్గా చూడు!"

"నాకు కనిపిస్తోంది!" అని నేను గంతులేశాను. నా నెత్తి మీద ఒకటి పడింది.

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయింది. వంటింట్లో అమ్మతో అన్న మాటలు మెట్ల మీద ఉన్న మా ఇద్దరికీ వినిపించాయి. "అరుంధతి కనబడని వాళ్లకి ఆర్నెల్లే ఆయువు అంటారే. నా బిడ్డకి ఏమొచ్చిందే! రేపే మృత్యుంజయ జపం మొదలుపెడతా."

అత్త నా చెయ్యి పట్టుకుంది. అంతకుముందెప్పుడూ ఆమె భయపడటం నేను చూడలేదు. మర్నాడు టైపు క్లాసుకి వెళ్లే దారిలో రెండుసార్లు ఆగి తన మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంది. "కళ్లదే తప్పని నాకు తెలుసే. తెలిసినా గుండె దడదడలాడుతోంది" అంది. చదువుకున్న మనిషి మెదడులోకి కూడా భయం ఇలాగే దూరుతుంది. ముందు దాన్ని నమ్మనంటాం, తర్వాత నాడి చూసుకుంటాం.

మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన హేతువాది. ఆదివారం వచ్చిందంటే సుల్తాన్ బజార్ వైపు ఒక హాల్లో జరిగే చర్చా సభలకి తెల్లచొక్కా వేసుకుని వెళ్లేవాడు. శకునాల్నీ జాతకాల్నీ ఆయన చీల్చి చెండాడుతుంటే జనం బల్లలు చరిచేవాళ్లు. నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. ప్రశ్న ఎలా వెయ్యాలో నేను నేర్చుకున్నది అక్కడే. అలాంటి మనిషిని అత్త నిలదీసింది.

"అన్నయ్యా, నువ్వే చెప్పు అమ్మతో. నాకు కావలసింది కళ్లజోడు, మృత్యుంజయ జపం కాదు."

నాన్న పేపరు మడిచాడు. "ఒక్క మాటకి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? కనబడిందని చెప్పేస్తే పోలా?"

"సభలో ఇలాగే చెప్తావా?"

ఆయన మళ్లీ పేపరు విప్పాడు.

ఆ సాయంత్రం నాయనమ్మ డాబా మీద ముక్కు చీదుకుంటుంటే, దిండు తీసుకుపోవడానికి వచ్చిన సిస్టరమ్మ ఆగింది.

"ఏంది పెద్దమ్మా, గట్ల ఏడుస్తున్నవ్? ఏమైంది?"

నాయనమ్మ చెప్పింది. సిస్టరమ్మ ఉత్తరం వైపు తలెత్తి పకపకా నవ్వింది.

"గదా! గది మా దిక్కు ముసలవ్వ మంచం అంటరు. నాలుగు చుక్కలు మంచంకోళ్లు, ఎనక మూడు చుక్కలు మంచం ఎత్కపోను వచ్చిన దొంగలు. ఇగ గా చిన్న చుక్క అంటవా, గామె మా ఆడబిడ్డ."

"మీ ఆడబిడ్డేవిటి?"

"ఔ. అరుంధతి మాదిగింటి బిడ్డ. మేం ఏసును నమ్ముకున్నా గని, మా తాత గా కత మాకు జెప్పకుండ ఏనాడు పండలే. మాతంగి బిడ్డను వసిష్ఠుడు జేసుకున్నడట. గందుకే మావోళ్లు అరుంధతీయులమని జెప్పుకుంటరు. మా ఆడబిడ్డ గట్ల ఎవ్వల పానం తియ్యది పెద్దమ్మా, నువ్వేం ఫికర్ జెయ్యకు."

నాయనమ్మ తన బొంత అంచు సిస్టరమ్మ కాలికి తగలకుండా మెల్లగా ఇవతలికి లాక్కుంది. సిస్టరమ్మ అది చూసింది. దిండు చంకలో పెట్టుకుని, "చుక్కకైతే మొక్కుతరు" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమైన నాటి నుంచి ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతూనే ఉంది. మీ గోత్రానికి మూలపురుషుడని చెప్పుకునే వసిష్ఠుడి భార్య నీళ్లు తెచ్చిస్తే మీ నాయనమ్మ తాగేదా?

తర్వాత ఖాలా వంతు. మా అందరి మెడలూ ఉత్తరానికి తిరిగి ఉండటం చూసి, పాన్‌దాన్ పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"క్యా ఢూండ్రే సబ్?"

ఏం వెతుకుతున్నామో నేను చెప్పాను. ఆమె కళ్లు చికిలించి, వేలెత్తి, "అరె, వో తో సుహా హై!" అంది. అత్త గడ్డం పుణికి, తమలపాకు నోట్లో పెట్టుకుని కిందికి దిగిపోయింది.

"ఏవిటే ఆవిడన్నది?" అంది నాయనమ్మ.

"సుహా అంట. వాళ్ల భాషలో దాని పేరు."

నాయనమ్మ లేచి కూర్చుంది. ఆమెకి ఉర్దూ రాదు. గాజుల దుకాణాల ముందు నడిచి నడిచి ఒక్క మాట మాత్రం వచ్చు. గాజులమ్మేవాళ్లు ముత్తైదువుల్ని కేకేసి పిలిచే మాట: సుహాగ్. పసుపుకుంకుమల భాగ్యం.

"సుహాగ్! విన్నారా? తురకల్లో కూడా అది సౌభాగ్యపు చుక్కే! రెండు మతాలు ఒకే మాట చెప్తుంటే అబద్ధమెలా అవుతుందర్రా?" అని గుండెలు బాదుకుంది. అంతవరకు ఒక ఆచారానికి భయపడిన మనిషి ఇప్పుడు రెండింటికి భయపడసాగింది.

ఆ 'గ్' ఖాలా నోట లేదు. మా నాయనమ్మ చెవిలో పుట్టింది.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆ తర్వాతి ఆదివారం నాన్న సభలో మతసామరస్యం మీద మాట్లాడాడు. గొంతు పెంచి, "హిందువు అరుంధతి అన్నాడు, ముస్లిం సుహాగ్ అన్నాడు! ఒకే చుక్క, ఒకే ఆదర్శం!" అన్నాడు. బల్లలు దద్దరిల్లాయి. అడగకుండా దేన్నీ నమ్మవద్దని అదే వేదిక మీద అంతకు ముందు వారం చెప్పిన మనిషి, కింద వాటాలో ఉన్న ఖాలాని ఒక్క మాట అడగలేదు.

అడిగింది నేను. చప్పట్ల కబురు ఆమెకి మోసుకుపోయాను, మెచ్చుకుంటుందని. ఖాలా నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడింది. నీళ్లిచ్చాను.

"సుహాగ్ నై బేటీ, సుహా! సుహా బోలే తో భూలా హువా. మరిచిపోయింది. ఎవ్వరు చూడనిది." ఆమె తెలుగు అలా ముక్కలు ముక్కలుగా వచ్చేది. చిన్నప్పుడు వాళ్ల నాన్న అరబ్బీ చెప్తూ ఆ మాట నేర్పాడట. వెనకటి అరబ్బులు చూపు ఎంతుందో పరీక్షించడానికి ఆ చుక్కనే చూపించేవాళ్లని ఆయన చెప్పేవాడట.

గుమ్మంలో నిలబడి వింటున్న అత్త లోపలికి వచ్చింది. "కనబడని వాళ్లని ఏం చేసేవాళ్లు ఖాలా?"

"ఏం చేస్తరు? ఊంటల దగ్గర కూసోబెడతరు."

"చచ్చిపోయేవాళ్లు కాదా?"

"మరే తో ఊంట్ కౌన్ దేఖ్తా?" చచ్చిపోతే ఒంటెల్ని ఎవరు చూస్తారని!

అత్త నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. అక్కడే నా చెయ్యి పట్టుకుని, "పద, అబిడ్స్ పోదాం" అంది.

కళ్లద్దాల దుకాణం గోడకి అక్షరాల పలక వేలాడుతోంది. ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు, కిందికి వచ్చేకొద్దీ చీమల బారు. దుకాణాయన బరువైన ఇనుప ఫ్రేము అత్త ముక్కు మీద పెట్టి బిళ్లలు మారుస్తూ, "ఇప్పుడు? ఇప్పుడెట్లుంది?" అని అడుగుతున్నాడు. ఒక బిళ్ల దగ్గర అత్త జవాబు చెప్పడం మానేసింది. తల వీధి వైపు తిప్పేసింది. "ఎదురు మేడ మీద పావురాలున్నాయే" అంది నాతో. "వాటికి కాళ్లు కూడా ఉన్నాయి."

జోడు తయారై వచ్చిన రోజు అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా కనిపించిన ప్రతి బోర్డూ గట్టిగా చదివింది. బట్టల కొట్టు, బేకరీ, పళ్ల డాక్టరు, బషీర్‌బాగ్ పోయే బస్సు. నేను పక్కన ఏడుపు మొహంతో నడిచాను. నా ఉద్యోగం పోయింది మరి.

ఆ సాయంత్రం డాబా మీద, నాయనమ్మ ఇంకా పైకి రాకముందు, అత్త జోడు పెట్టుకుని తలెత్తింది. అరుంధతి మాట ఎత్తలేదు. నోరు తెరుచుకుని అలాగే గుండ్రంగా తిరిగింది. "ఇన్నున్నాయా? మీ అందరికీ రోజూ ఇవన్నీ కనిపించేవా? ఒక్కళ్లూ చెప్పలేదేం?" అంది. కోపంగానే అంది. ఆ కోపం ఎవరి మీదో నాకు ఇప్పుడు తెలుసు. చాలాసేపటికి గరిటె కాడ వైపు చూసి, "అదిగో. సన్నగా, పక్కన" అంది మామూలుగా.

నాన్నతో ఒప్పందం జరిగింది. మంటపంలో జోడు వద్దని నాయనమ్మ పట్టుబట్టింది కాబట్టి, అది నాన్న జేబులో ఉంటుంది. అరుంధతిని చూపించే వేళకి ఆయన తీసి ఇస్తాడు. "అందరి ముందూ నేనే ఇస్తాను. వెయ్యిమంది ముందు మాట్లాడేవాణ్ని, ఇదో లెక్కా?" అన్నాడు. అత్త నమ్మింది.

పెళ్లి మా సందులోనే, షామియానా కింద జరిగింది. జీలకర్ర బెల్లం, మూడు ముళ్లు, తలంబ్రాలు అయ్యాయి. చీకటి పడుతుండగా పురోహితుడు ఇద్దర్నీ బయటికి తెచ్చాడు. మబ్బు లేదు. అత్త కొంగు మట్టిలో పడకుండా పట్టుకునే పని నాది. పెళ్లికొడుకు తల్లి ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా" అంది అత్త నెమ్మదిగా.

నాన్న చెయ్యి జేబు మీదికి వెళ్లింది. నాయనమ్మ ఆయన వైపు చూసింది. అంతే, చూసింది. నాన్న చెయ్యి జేబు మీంచి మెడ దాకా పోయి కండువా సర్దుకుంది.

అత్త ఆయన వేపు తల తిప్పి, చెయ్యి కూడా చాపింది. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంది.

"కనబడిందా తల్లీ?" అన్నాడు పురోహితుడు.

"కనబడలేదు" అంది అత్త.

గట్టిగానే అంది. నేను పక్కనే ఉన్నాను. పురోహితుడు మాత్రం చెయ్యి అప్పటికే సన్నాయివాళ్ల వైపు ఎత్తేశాడు. "కనబడిందట! వాయించండర్రా!" డోలు దరువెత్తింది. "కనబడలేదండీ!" అని అత్త రెండోసారి అరిచింది. ఆమె పెదాలు కదలడం నేను చూశాను గాని మాట నాకే వినబడలేదు. పెళ్లికొడుకు తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని, "చూసిందర్రా మా కోడలు!" అని చుట్టుపక్కల వాళ్లకి చెప్తోంది. నాయనమ్మ చేతులు జోడించి ఆకాశానికి దణ్ణం పెడుతోంది.

ఖాలా నోట లేని అక్షరాన్ని విన్న చెవులే, అత్త నోట ఉన్న మాటని వినలేదు. మనవాళ్ల చెవులు మంచివే. వాటికి కావలసింది వాటికి బాగా వినిపిస్తుంది.

మర్నాడు నాంపల్లి స్టేషన్లో వాళ్లని రైలెక్కించాం. అత్త కిటికీ పక్కన కూర్చుంది, ఎదురుగా ఆమె అత్తగారు. నాన్న కిటికీ ఊచలు పట్టుకుని, "జాగ్రత్తమ్మా, జాగ్రత్త" అని పదిసార్లు అన్నాడు. ఆయన కళ్లు ఎక్కడా నిలవడం లేదు. అత్త కిటికీలోంచి చెయ్యి చాపి, అన్న చొక్కా జేబులోంచి కళ్లజోడు తనే తీసుకుంది. కొంగుతో తుడిచి పెట్టుకుంది.

"ఇదేవిటమ్మా?" అంది అత్తగారు, మొహం మాడ్చి.

"కళ్లజోడండీ. నిన్న కనబడలేదని రెండుసార్లు చెప్పాను. బాజాల్లో మీకు వినబడినట్టు లేదు." కాసేపు ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "ఇప్పుడు మీరు బాగా కనబడుతున్నారు."

పెళ్లికొడుకు అటువైపు కిటికీలోంచి అవతలి ప్లాట్‌ఫారం మీది కొబ్బరికాయల బుట్టలు ఎంతో శ్రద్ధగా చూడసాగాడు. రైలు కదిలింది.

ఆ తర్వాత కథ సాఫీగా ఏమీ సాగలేదు. చాలా ఏళ్లు ఆమె అత్తగారు ఇంటికి చుట్టాలొస్తే జోడు తీయించేది. అన్నంలో రాయి వస్తే ఆ పూటంతా "గుడ్డి కోడలు" అని సాధించేది. అత్త ఒక్కో ఏడూ ఒక్కో మాట ఎదురు చెప్తూ, చివరికి తీయడం మానేసింది. ముసలితనం చూసి, మనవల పేచీలు తీర్చి, మొన్నటేడు వెళ్లిపోయింది. అప్పట్లో, పెళ్లయి ఆర్నెల్లు దాటిన రోజున మా నాయనమ్మ ఏమందో తెలుసా? "నా జపం ఫలించింది" అంది. బిడ్డ చస్తే చుక్క చెప్పింది నిజం, బతికితే జపం గొప్ప. నాన్న జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మజ్జిగ వడ్డించమని అడిగాడు. సభలకి వెళ్లడం మానలేదు. కానీ ఆ తర్వాత నేనెప్పుడూ ఆయన వెంట వెళ్లలేదు. నా ప్రశ్నలు నేనే వేసుకోవడం మొదలుపెట్టాను.

ఆ చుక్క పేరు మీద వేసుకున్న ప్రశ్నలు ఇప్పటికీ తెగలేదు. అరుంధతి అంటే అడ్డుపడనిది అని పండితులు విడదీసి చెప్తారు. ఎవరికి అడ్డుపడనిది? మొగుడికి, అంటారు. కానీ వేదంలోకి వెళ్తే అదే పేరుతో పిలిచింది ఒక తీగని. విరిగిన ఎముకని అతికించే, గాయం మాన్పే మందుతీగ. మందుతీగని పతివ్రతగా ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు? మాతంగి బిడ్డ అన్న కథని పూజగదిలోంచి బయటికి ఎవరు తోసేశారు? సుహా అంటే ఖాలా చెప్పిందే: మరిచిపోయినది, పట్టించుకోనిది. ఇక ఆల్కోర్. అది అరబ్బు మాటే, కాకపోతే ఐరోపా వాళ్ల చేతుల్లో చెడిపోయిన మాట. మసకగా ఉండేదన్న అర్థమని కొందరంటారు. పక్కనున్న వేరే చుక్క పేరు నకళ్లలో వంకరపోయి దీనికి అంటుకుందని ఇంకొందరంటారు. తేల్చి చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ పెళ్లికూతురు అడిగినప్పుడు ఇదంతా చెప్పడానికి నిమిషం పట్టేది. ఆ నిమిషం ఎవరి దగ్గరా లేకపోయింది. అవతల భోజనాలు.

చుక్కని చూడొద్దని నేననడం లేదు. చూడండి, అందమైన చుక్క. నాకు ఇప్పుడు దాన్ని చూడాలంటే అత్తలాగే జోడు కావాలి. నా గొడవ చుక్కతో కాదు. జవాబు ముందే రాసిపెట్టుకుని ఆడపిల్లని ప్రశ్న అడిగేవాళ్లతో. ఆమె పెదాలు కదిలేలోపు దరువు ఎత్తించేవాళ్లతో. అది తెలిసీ జేబు మీద చెయ్యేసుకుని నిలబడే మంచివాళ్లతో. అందరికన్నా వాళ్లతోనే.

మీరూ రేపో మాపో ఒక పెళ్లికి వెళ్తారు. కనబడిందా అని అక్కడ ఒక పిల్లని పంతులు అడుగుతాడు. అప్పుడు అక్షింతలు పక్కన పెట్టి ముందుకు వెళ్లండి. సన్నాయివాళ్లకి మీరే చెయ్యి అడ్డం పెట్టండి. డోలు ఆపించండి. పంతులు కసురుకుంటాడు, పెద్దవాళ్లు గుడ్లురుముతారు, ఉరమనివ్వండి. ఆ పిల్ల వైపు తిరిగి, "ఏమన్నావమ్మా, ఇంకోసారి చెప్పు" అని అడగండి. అడిగి, ఆమె చెప్పేదాకా అక్కణ్నుంచి కదలకండి.